తిరునాళ్ళ వెనక సంఘం



చిల్లకూరు, గూడూరు, కోట, వాకాడు వైపు కోతలు అయిపోయి, గడ్డి వాములు లేచాయంటే ఇక తిరునాళ్ళ మాటే. ఫలానా ఊళ్ళో కొలుపు ఎప్పుడు, ఫలానా గుడి దగ్గర రథం ఎప్పుడు, ఈ ఏడు బండలాగుడుకు ఎన్ని జతలొస్తున్నాయి అని టీకొట్టు దగ్గర లెక్కలు మొదలవుతాయి. అమ్మవారి మహిమల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ పని వాళ్ళకే వదిలేస్తాను. ఈ పూట నేను మాట్లాడబోయేది తిరునాళ్ళను నడిపే మనుషుల గురించి. పందిరి గుంజ పాతేది ఎవరు, చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది ఎవరు, ఆ మనుషులే మిగతా పదకొండు నెలలూ ఏ సంఘంలో ఉంటున్నారు? ఈ ప్రశ్న పట్టుకుని పోతే మన తీరప్రాంతపు వ్యవసాయ చరిత్ర చాలావరకు బయటపడుతుంది.

ముందు పాత పద్ధతి చూద్దాం. మన గుళ్ళలో ఉత్సవాలకు ఉభయాలు ఉంటాయి. ఒకరోజు వాహనం ఖర్చు ఒక కుటుంబానిది, మరొకరోజు ఒక వృత్తివాళ్ళది, ఇంకోరోజు ఒక వీధి వాళ్ళది. ఉభయదారు పేరు కరపత్రంలో అచ్చవుతుంది. గొప్ప కోసమే అనుకోవద్దు. పేరు అచ్చయ్యాక తప్పించుకోవడానికి ఉండదు, అదీ దానిలోని కిటుకు. గ్రామదేవత జాతరలో ఈ పంపకం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వెంకటగిరి పోలేరమ్మ జాతర చూసినవాళ్ళకు తెలుసు. వినాయక చవితి వెళ్ళాక జరిగే ఆ జాతరలో అమ్మవారి మట్టి రూపం కుమ్మరివారి ఇంట్లో తయారవుతుంది. అక్కడి నుంచి చాకలి మండపానికి వస్తే అక్కడ దిష్టిచుక్క పెడతారు. ఆ తర్వాతే ఊరేగింపు, మర్నాడు విరూపు, అంటే ఆ మట్టి రూపాన్ని చెరిపేసే తంతు. ఒక ఇంటి పని పూర్తికానిదే రెండో ఇంటి పని మొదలు కాదు. ఈ పద్ధతిలో కులాల మధ్య ఎక్కువ తక్కువలు లేవని నేను అనను, ఉన్నాయి. కానీ ఇంతమంది చేత, ఒక్క కాగితం ముక్క లేకుండా, ఏటా అదే సమయానికి పని చేయించగలిగిన కట్టుబాటు అది. రైతు సంఘం అన్న మాట పుట్టకముందే మన పల్లెల్లో సంఘంగా పనిచేసే అలవాటు ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తిరునాళ్ళకు తోబుట్టువు సంత. ఒకప్పుడు ఆ రెండూ ఒకేచోట నడిచేవి. దేవుడి కోసం వచ్చిన జనం ఎటూ ఉన్నారు కనుక ఎడ్లూ అక్కడికే వచ్చేవి, తాళ్ళూ, గంటలూ, పలుపులూ, నాగలి కర్రలూ అక్కడికే వచ్చేవి. పశువుల సంతలో బేరం ఎట్లా జరుగుతుందో పట్టణం పిల్లలకు చెబితే నమ్మరు. కొనేవాడు ముందు ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. పాలపళ్ళా, రెండు పళ్ళు వేసిందా, నాలుగా, ఆరా, దాన్నిబట్టి వయసు. తర్వాత చుట్టూ తిరిగి సుళ్ళు చూస్తాడు, నుదుటి మీద, మూపు మీద, తోక మొదట్లో. ఒకసారి నడిపించి అడుగు పడే తీరు చూస్తాడు. అప్పుడు దళారి భుజం మీద తుండుగుడ్డ తీసి అమ్మేవాడి చేతి మీద వేస్తాడు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎన్ని వేలో వాళ్ళకే తెలుసు. "ఏందన్నా, ఇంత దూరం తోలుకొచ్చి ఇట్టంటే ఎట్టా?" అని అమ్మేవాడు పైకి అంటాడు గానీ అసలు ధర నోటితో ఎవరూ చెప్పరు. చుట్టూ నిలబడ్డ పదిమందికీ ఏమీ తెలియదు.

ఈ గుడ్డ కింద బేరంలో చమత్కారం ఉంది, నష్టమూ ఉంది. ధర తెలిసేది ముగ్గురికే. అందులో దళారి ఒక్కడే రోజంతా సంతలో ఉంటాడు. అంటే ఆ రోజు ధరల చరిత్ర అంతా ఒక్క దళారి బుర్రలో ఉంటుంది. రైతు ప్రతిసారీ కొత్తగా వచ్చినవాడే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు ఎద్దు దగ్గరికి వద్దాం. ఒంగోలు జాతి పశువుకు అంత పేరు ఎట్లా వచ్చింది? మంచి మేత, నల్లరేగడి జొన్న చొప్ప కొంత కారణం. అంతకన్నా పెద్ద కారణం ఊరి ఆంబోతు. కలిగిన రైతు ఎవరైనా కాలం చేస్తే, వాళ్ళ పేరు మీద ఒక కోడెను అచ్చువేసి దేవుడికి వదిలేవాళ్ళు. ఏదో ఒక కోడెను తోలేస్తే చెల్లదు. ఊరి పెద్దలు కూర్చుని, దాని తల్లి ఎంత పాడి ఇచ్చిందో, తండ్రి ఏదో, ఒంటి తీరు ఎట్లా ఉందో విచారించి ఒప్పుకుంటేనే అచ్చు. ఒప్పుకున్నాక అది ఊరందరి సొత్తు. ఎవరి చేలో పడి మేసినా అదిలించరు. ఆ ఊరి ఆవులకు అదే ఆంబోతు. పశుసంవర్ధక శాఖ, పశువైద్యశాల లేని కాలంలో ఈ ఊరి పెద్దల కమిటీయే తరతరాలుగా జాతిని ఎంపిక చేస్తూ వచ్చింది. దానికి జీతం లేదు, భవనం లేదు, ఊరి మాట ఒక్కటే ఉంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు ఈ సంగతి కనిపెట్టారు. సైన్యానికి, బరువు బండ్లకు మంచి ఎడ్లు కావాలి వాళ్ళకు. అద్దంకిలో పశువుల ప్రదర్శనలు పెట్టి మంచి పశువులకు బహుమతులు ఇచ్చారు. అప్పటికి అద్దంకి, ఒంగోలు నెల్లూరు జిల్లాలోవే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ ప్రాంతం అటు వెళ్ళింది, 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లా అయింది. ప్రభుత్వ ప్రదర్శనకూ మన తిరునాళ్ళకూ ఒక తేడా ఉంది. తిరునాళ్ళకు ఊరే పెద్ద. ప్రదర్శనకు కలెక్టరు పెద్ద. కలెక్టరుకు శ్రద్ధ ఉంటే అది జరుగుతుంది, ఆయన బదిలీ అయితే దాని సంగతి దేవుడెరుగు. ఊరి కమిటీకి బదిలీ లేదు.

ఇక్కడి నుంచి కథ సముద్రం దాటుతుంది. 1868లో ఒక జత మన పశువులు ఓడలో పోతూ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో అమ్ముడుపోయాయని అక్కడి పశుపోషకులు చెప్పుకుంటారు. తర్వాత మరికొన్ని విడతలుగా వెళ్ళాయి. జిల్లా పేరే జాతి పేరయి, అక్కడ వాటిని నెలోర్ అన్నారు. 1960లలో వెళ్ళిన చివరి పెద్ద విడతలో ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతో ఒక ఆంబోతు వెళ్ళింది. ఆ 'కార్వాడి' సంతతి ఇప్పటికీ బ్రెజిల్ మందల్లో గొప్పగా చెప్పుకునే వంశం. ఈరోజు బ్రెజిల్ గొడ్డుమాంసం పరిశ్రమ నిలబడింది ప్రధానంగా ఈ జాతి మీదే. వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటాను 2023లో వేలం వేశారు. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది.

ఇది చెప్పినప్పుడల్లా మనవాళ్ళు, "చూశారా, మన ఎద్దును వాళ్ళు కొట్టేశారు" అంటారు. కొట్టేయడం కాదు, కొనుక్కుపోయారు. అసలు చూడవలసింది కొన్నాక వాళ్ళు చేసిన పని. బ్రెజిల్‌లో ఉబెరాబా అనే ఊరుంది. 1934లో అక్కడి పెంపకందారులు సంఘం పెట్టుకున్నారు. ఏటా ఒక పశువుల తిరునాళ్ళ మొదలుపెట్టారు. దాని పేరు ఎక్స్‌పోజెబూ, నేటికీ జరుగుతోంది. 1938 నుంచి వంశావళి పుస్తకం రాస్తున్నారు. ఏ దూడ ఏ రోజు పుట్టింది, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఎంత బరువు, అన్నీ పుస్తకంలోకి ఎక్కుతాయి. పుస్తకంలో లేని పశువుకు ఎంత అందమున్నా ఆ తిరునాళ్ళలో విలువ లేదు. అంటే మన ఊరి పెద్దలు నోటితో చేసిన పనినే వాళ్ళు కాగితం మీద పెట్టారు. అంతకు మించిన మంత్రం ఏమీ లేదు.

మన దగ్గర ఏం మిగిలింది? బండలాగుడు పోటీలు మిగిలాయి. చిన్న సంగతేం కాదది. ఇసక పరిచిన దారిలో ఒక పెద్ద రాతిబండ. పాలపళ్ళ జతలు ఒక విభాగం, రెండు పళ్ళవి ఒకటి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరు. పైన జూనియర్లు, సీనియర్లు. గంట కొట్టగానే తోలేవాళ్ళు కేక వేస్తే, ఎద్దుల మెడలు వంగి, కాడి కిర్రుమని, బండ కదులుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగితే అంత. అడుగు తక్కువైతే బహుమతి పోతుంది కాబట్టి టేపు పట్టి అంగుళాలతో సహా కొలుస్తారు. మైకులో యజమాని పేరు వస్తుంది, ఊరి పేరు వస్తుంది, బహుమతి ఇచ్చిన దాత పేరు మూడుసార్లు వస్తుంది. ఆ ఎద్దు తల్లి ఎవరు, తండ్రి ఎవరన్నది మాత్రం మామూలుగా రాదు. అంగుళం కొలిచేవాళ్ళకు వంశం రాయడం చేతకాదా? చేతకాక కాదు, ఎవరూ అడగలేదు.

ఇక రైతు సంఘాల సంగతి. సంఘం పెట్టడంలో మన నెల్లూరు ఎవరికీ తీసిపోలేదు. వెంకటగిరి జమీందారీలో రైతులకు శిస్తు భారం ఒకటే బాధ కాదు. పశువుల మేతకు, అడవిలో కంపకు, ఆకుకు కూడా ఎస్టేటు వాళ్ళ అనుమతి కావాలి. గొడ్డు మేపుకునే హక్కు దగ్గరే రైతుకు మండింది. జమీన్ రైతు సంఘాలు లేచాయి. 1930ల మొదట్లో రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారు వెంకటగిరి రైతుల తరఫున నిలబడ్డారు. రైతుల గొంతుగా నెల్లూరులో పత్రికే పుట్టింది. నెల్లూరు వెంకట్రామానాయుడుగారు నడిపిన 'జమీన్ రైతు' వారపత్రిక పేరు ఈ జిల్లాలో వినని వాళ్ళుండరు. చివరికి 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. గెలిచాక ఏమైంది? ఏ పని కోసం సంఘం పుట్టిందో ఆ పని అయిపోయింది, సంఘం పలచబడింది. పోట్లాటకు పుట్టిన సంఘానికి పోట్లాట అయిపోయాక పని వెతికిపెట్టాలి. అది మన పెద్దలు చేయలేకపోయారు.

ఆ పని చేసి చూపించింది ఆడవాళ్ళు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వెళ్ళిన నెల్లూరు పల్లె ఆడవాళ్ళు వాచకంలో తాగుడు వల్ల కూలిన సంసారం కథ చదివారు. చదివి ఊరుకోలేదు. 1992లో దూబగుంట అనే ఊరి ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ గాలి జిల్లా అంతా పాకింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. చాలా ఉద్యమాలు అక్కడితో ఆగిపోతాయి. ఇది ఆగలేదు. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలింది కదా, ఆ మిగులును ఏం చేద్దామని కూర్చున్నారు. రోజుకొక రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. 1993లో ఈ జిల్లాలోనే పొదుపులక్ష్మి పథకంగా అది రూపు కట్టింది. తర్వాత డ్వాక్రా సంఘాలుగా రాష్ట్రమంతా విస్తరించింది. అప్పటిదాకా వేలిముద్ర వేసిన చేయి తీర్మానాల పుస్తకంలో సంతకం చేసింది.

ఈ సంఘాల ఆడవాళ్ళు తమ సరుకులు అమ్మే డ్వాక్రా బజారు అన్నది నా దృష్టిలో ఈ కాలపు తిరునాళ్ళ. కాకపోతే దీనిలో వరస తిరగబడింది. పాత పద్ధతిలో తిరునాళ్ళ ముందు, కమిటీ తర్వాత. తిరునాళ్ళ అయిపోతే కమిటీ కూడా మూటకట్టుకుని ఇంటికి పోతుంది. ఆడవాళ్ళ దగ్గర సంఘం ముందు, బజారు తర్వాత. బజారు అయిపోయినా సంఘం మళ్ళీ సమావేశం రోజున కూర్చుంటుంది. ఎవరెంత కట్టారు, ఎవరెంత తీసుకున్నారు, పుస్తకంలో ఉంటుంది.

పోల్చుకోవడానికి ఇంకో సంఘం ఉంది మనకు. 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చింది. రాష్ట్రంలో పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు. మన చెరువుల కింద కూడా సంఘాలు వచ్చాయి. ఆలోచన బంగారం లాంటిది. కానీ డబ్బు పైనుంచి వచ్చినప్పుడు సంఘం కదిలింది, రాకపోతే కునుకు తీసింది. రోజుకో రూపాయి తన చేత్తో వేసిన మనిషి లెక్క అడుగుతుంది. ఎవరో వేసిన డబ్బుకు ఎవరు అడుగుతారు?

ఇప్పుడు మన చిల్లకూరు తీరాన్ని చూడండి. తూర్పున సముద్రం, దానికి వారగా బకింగ్‌హామ్ కాలువ. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద మద్రాసు దాకా పోయిన దారి అది. ఉత్తరాన కండలేరు ఉప్పుటేరు. 1990లలో రొయ్యల గుంటలు వచ్చాయి, వరి మళ్ళు కొన్ని గుంటలయ్యాయి. తీరంలో రొయ్యల సాగు మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పు దాకా పోయింది వ్యవహారం. తెల్ల ఇసక ఉన్నచోట సిలికా గనులు. 2025 జనవరిలో కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. దాని భూములు మన చిల్లకూరు, కోట మండలాల్లోవే. ఫ్యాక్టరీ వస్తే మన పిల్లలకు ఉద్యోగం రావాలనే నేనూ కోరుకుంటాను. కానీ బీడు తగ్గితే మంద ఎక్కడ మేస్తుంది? ట్రాక్టరు వచ్చాక కాడి ఎద్దు ఎటూ తగ్గింది. ఇక మిగిలింది గేదె, గొర్రె.

గొర్రె అంటే తేలిగ్గా తీసేయకండి. దేశంలో అన్నిటికన్నా పొడగరి గొర్రె మన నెల్లూరు గొర్రె. ఒళ్ళంతా తెల్లగా ఉంటే పల్ల. తెల్లటి ఒంటి మీద మూతి దగ్గర, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలుంటే జోడిపి. ఎర్ర గోధుమ రంగుది దొర. కోతలయ్యాక పొలంలో రాత్రిళ్ళు మంద నిలిపించుకుని, గొర్రెల కాపరికి ధాన్యమో డబ్బో ఇవ్వడం మన రైతుకు తెలిసిన ఎరువు పద్ధతి. ఆ ఒప్పందం రైతుకూ కాపరికీ మధ్య మాట మీదే నడుస్తుంది. అక్కడ కూడా పుస్తకం లేదు. ఆంబోతును కోల్పోయినట్టు జోడిపిని కోల్పోకముందే మేలుకోవాలి. ఒంగోలు లాంటి దేశవాళీ పశు జాతుల కోసం కొండాపురం మండలం చింతలదేవిలో జాతీయ కామధేను పెంపక కేంద్రం పెట్టారు, మంచిదే. అయితే ఒక్క కేంద్రం ఎన్ని మందలను చూస్తుంది? ఊరు కూడా ఒక చేయి వేస్తేనే జాతి నిలుస్తుంది.

అందుకని నేను చెప్పేది చాలా చిన్న పని. మన ఊళ్ళో తిరునాళ్ళ కమిటీ ఉంది. పొదుపు సంఘం ఉంది. గొర్రెల పెంపకందారుల సహకార సంఘం చాలాచోట్ల ఉంది. నీటి సంఘం ఉంది. వీళ్ళంతా ఒకే ఊరివాళ్ళు, ఒక్కొక్కసారి ఒకే ఇంటివాళ్ళు. కానీ నలుగురూ ఒక్కచోట కూర్చోరు. ఏడాదికి ఒకసారి కూర్చోబెట్టగల శక్తి ఒక్క తిరునాళ్ళకే ఉంది.

కూర్చుని ఏం చేయాలి? మూడు పనులు. మొదటిది, తిరునాళ్ళకు వచ్చిన ప్రతి కోడె, ప్రతి పొట్టేలు వివరం రాయాలి. ఎవరిది, ఏ ఊరు, ఎన్ని పళ్ళు, తల్లి ఏది, తండ్రి ఏది. మైకులో దాత పేరు మూడుసార్లు చదివేచోట, పశువు తల్లి పేరు ఒక్కసారి చదివితే చాలు, వచ్చే ఏడు రైతే రాసుకొస్తాడు. రెండోది, ఆరోజు అమ్మకాల ధరలు ఒక బోర్డు మీద రాయాలి. పుట్టి వడ్లు ఎంత పలికాయి, అంటే మన 850 కిలోల పుట్టి, గూడూరులో నిమ్మకాయల బస్తా ఎంత, జోడిపి పొట్టేలు ఎంత. గుడ్డ కింద బేరం గుడ్డ కిందే జరగనివ్వండి, దాని అందం దానిది. బేరం కుదిరాక అంకె మాత్రం బోర్డు ఎక్కాలి. అప్పుడు దళారికి తెలిసినంత రైతుకూ తెలుస్తుంది. మూడోది, ఈ రెండు పుస్తకాలూ పొదుపు సంఘం ఆడవాళ్ళ చేతిలో పెట్టాలి. ఊళ్ళో ఆగకుండా ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్క రాస్తున్నది వాళ్ళే. ఆ పని మగవాళ్ళకు అప్పగిస్తే తిరునాళ్ళ మర్నాడే పుస్తకం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. నవ్వుకోండి, కానీ కాదని మాత్రం అనకండి.

దీనికి ఖర్చు ఎంతని అడుగుతారేమో. సంత పాటలో, దుకాణాల ఆశీలులో పంచాయతీకి డబ్బు వస్తుంది. పశువుల మూలంగా వచ్చే ఆ డబ్బులో పశువుకు ఒక నీళ్ళ తొట్టి, ఒక నీడ పందిరి, ఒక పశువైద్యుడి బల్ల పెట్టించమని గ్రామసభలో అడగండి. బాణసంచాకు పెట్టేదానితో పోలిస్తే అదేం పెద్ద ఖర్చు కాదు.

ఉబెరాబా రైతులు ఆ పుస్తకం మొదలుపెట్టిన రోజు వాళ్ళకు మనకన్నా మంచి పశువు లేదు. వాళ్ళ దగ్గర ఉన్నది మన దగ్గరి నుంచి పోయిందే. కాబట్టి ఆలస్యమైందని చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఈసారి మీ ఊళ్ళో కమిటీ కరపత్రం అచ్చుకు ఇచ్చేముందు, ఉభయదారుల పేర్ల కింద ఒక వాక్యం చేర్పించండి. 'పశువులు తెచ్చే రైతులు వాటి తల్లిదండ్రుల వివరం తప్పక రాయించవలెను' అని. అచ్చులో పడితే తప్పించుకోలేరని మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టారు.